నంబరు లేని క్యూ

మొన్న ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళం నాలుగు కుటుంబాలం ఒకచోట కలిశాం. పచ్చడి అయింది, పులిహోర అయింది, పిల్లలు పెరట్లోకి వెళ్ళిపోయారు. మాట ఎటు తిరిగి ఎటు వచ్చిందో గానీ, ఫ్లోరిడాలో ఫెలనీ, అంటే పెద్ద నేరం, కింద శిక్ష పడినవాళ్ళ ఓటు హక్కు దగ్గర ఆగింది. నేను వాళ్ళ పక్షాన మాట్లాడతానని అక్కడ అందరికీ తెలుసు. నేను అన్నయ్యా అని పిలిచే ఒక పెద్దాయన కాస్త నొచ్చుకున్నట్టే అడిగారు.

"నువ్వే చెప్పమ్మా. ఈ దేశంలో ఓటు వేయడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. స్పీడింగ్ టికెట్ వస్తే కూడా గ్రీన్ కార్డు ఏమవుతుందోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. మనం అంత ఒద్దికగా ఉండి సంపాదించుకున్నదాన్ని, తప్పు చేసి పోగొట్టుకున్నవాళ్ళకి ఊరికే ఎలా ఇచ్చేస్తారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. నేను 2001లో వచ్చాను, 2016లో పౌరసత్వ ప్రమాణం చేశాను. ఆ హాల్లోంచి బయటికి రాగానే గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళ దగ్గరే ఓటరుగా నమోదు చేసుకున్నాను. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. కాబట్టి ఆయన బాధ నాకు పరాయిది కాదు. కానీ ఇంటికి వచ్చాక ఆ మాటలే మళ్ళీ మళ్ళీ తలుచుకుంటుంటే నాకు జవాబు అందులోనే దొరికింది. మేమిద్దరం నిలబడిన క్యూకి ఒక నంబరు ఉంది.

ఆ నంబరు సంగతి మనవాళ్ళకి వివరించక్కర్లేదు. దరఖాస్తుకి రిసీట్ నంబరు, గ్రీన్ కార్డు వరసలో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్, ఆ వరస ఎంత కదిలిందో చెప్పే నెలనెలా వీసా బులెటిన్. ఎంత నెమ్మదిగా కదిలినా, ఎంత అన్యాయంగా అనిపించినా, మనం ఎక్కడున్నామో తెలిసేది. ఏ కాగితం తక్కువైందో ఉత్తరం వచ్చేది. ఎంత ఫీజు కట్టాలో ఫారం మీదే ఉండేది. ఫ్లోరిడాలో శిక్ష పూర్తి చేసుకున్న మనిషి నిలబడిన క్యూకి ఆ నంబరు లేదు. నేను చెప్పదలచుకున్నది అదే. ఆరేళ్ళ కిందట నా బల్ల మీదికి వచ్చిన ఒక ఫోల్డర్ వల్ల నాకీ సంగతి తెలిసింది.

ఎంత బాకీనో చెప్పండి, కట్టేస్తాను

నేను చేసేది అకౌంట్ల పని. టాక్స్ సీజన్లో చిన్న చిన్న కాంట్రాక్టర్ల రిటర్నులు చూస్తాను. వాళ్ళలో ఒకాయన ఇళ్ళ పైకప్పులు వేస్తాడు. హరికేన్ తర్వాత మా ఇంటి కప్పు బాగుచేసింది ఆయనే. అరవై దాటాయి. ప్రతి ఫిబ్రవరిలో కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని వస్తాడు, ఒక్క రసీదు కూడా పోగొట్టుకోడు.

2020 ఫిబ్రవరిలో ఆయన రెండో ఫోల్డర్ ఒకటి తెచ్చాడు. 1996లో డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నందుకు ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక కేసు, చెల్లని చెక్కుల మీద మరో కౌంటీలో ఇంకో కేసు. కొన్నాళ్ళు జైలు, తర్వాత ప్రొబేషన్, అంటే బయటే ఉన్నా కోర్టు నిఘాలో గడిపే గడువు. అన్నీ 2003కల్లా అయిపోయాయి. 2018 నవంబరులో ఇలాంటివాళ్ళకి ఓటు తిరిగి ఇవ్వాలన్న ఫ్లోరిడా రాజ్యాంగ సవరణ, బ్యాలెట్ మీది నాలుగో సవరణ, ప్రజల ఓటుతో గెలిచినప్పుడు ఆయన సంతోషం చూశాను. అరవై శాతం కావాల్సిన చోట 64 శాతం దాటి వచ్చింది. అందులో నా ఓటూ ఉంది. హత్య, లైంగిక నేరాలు తప్ప మిగిలినవాటిలో శిక్ష పూర్తిచేసినవాళ్ళకి, సుమారు 14 లక్షల మందికి, ఓటు తనంతట తానే తిరిగి వస్తుందని అందరం అనుకున్నాం. 2019 జనవరి 8న అది అమల్లోకి వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే శాసనసభ ఇంకో చట్టం చేసింది. శిక్ష పూర్తి కావడమంటే జరిమానాలు, కోర్టు ఫీజులు, బాధితులకి ఇవ్వాల్సిన పరిహారం అంతా కట్టేయడం అని అందులో రాశారు.

"నువ్వు లెక్కల మనిషివి కదా, నేనెంత బాకీ ఉన్నానో చూసి చెప్పు. కట్టేస్తాను" అన్నాడాయన. అంతకన్నా సూటి కోరిక ఏముంటుంది? ఒక సాయంత్రం పని అనుకున్నాను.

మొదటి కౌంటీ వెబ్‌సైట్లో ఒక అంకె ఉంది. ఫోన్ చేస్తే క్లర్కు ఇంకో అంకె చెప్పింది, అంతకన్నా బాగా తక్కువ. తేడా ఎందుకని అడిగితే, బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్ళింది కాబట్టి వాళ్ళ రుసుము కలిసి ఉంటుందంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఆ ఏజెన్సీలు 40 శాతం దాకా పైన వేసుకోవచ్చు. కానీ కొత్త చట్టం ప్రకారం శిక్ష తర్వాత పెరిగిన రుసుములు ఓటు లెక్కలోకి రావు. అంటే క్లర్కుకి కట్టాల్సింది ఒక మొత్తం, ఓటు కోసం కట్టాల్సింది మరో మొత్తం. రెండోదాన్ని చెప్పే పని ఎవరిదో అక్కడ ఎవరికీ తెలియదు. పైగా 2003లో జడ్జి ఆ బాకీని సివిల్ జడ్జిమెంటుగా మార్చాడు. ఆ రోజు కోర్టులో "ఇక ఇది క్రిమినల్ కేసు కాదు, మామూలు అప్పు" అని తనకి చెప్పారని ఆయనకి బాగా గుర్తు. కొత్త చట్టం మాత్రం అలా మార్చినంత మాత్రాన కట్టినట్టు కాదంటుంది.

రెండో కౌంటీలో ఏ అంకే లేదు. అప్పటి ఫైలు మైక్రోఫిల్మ్‌లో ఉందన్నారు, స్వయంగా వచ్చి అడగాలన్నారు. తర్వాత కోవిడ్ వచ్చింది, ఆఫీసులు మూసేశారు.

ఇరవై ఏళ్ళకి పైగా లెక్కల్లో బతుకుతున్నాను. అప్పిచ్చినవాడు బాకీ ఎంతో చెప్పలేకపోవడం, చెప్పలేకపోయినా కట్టలేదని శిక్షించడం నేనెక్కడా చూడలేదు. బ్యాంకు చేస్తే ఊరుకుంటామా?

నా ఖాతాదారుడి దురదృష్టమేమో అనుకున్నాను గానీ కాదు. అదే ఏడాది మే నెలలో రాష్ట్ర రాజధాని టాలహాసీలోని ఫెడరల్ జడ్జి రాబర్ట్ హింకిల్ ఇచ్చిన తీర్పు చదివాను. ఒక ప్రొఫెసరు, ఆయన పరిశోధక విద్యార్థులు కలిసి లాటరీ తీసినట్టు ఎంచుకున్న 153 మంది రికార్డులు వెతికారు. ముగ్గురికి తప్ప అందరి లెక్కల్లోనూ ఒక చోటికీ ఇంకో చోటికీ పొంతన లేదు. అప్పటికి పరిశీలించాల్సిన నమోదులు 85 వేలు ఉంటే రాష్ట్రం ఒక్కటీ పూర్తి చేయలేదు. ఆ తీర్పు చదువుతుంటే నా బల్ల మీది ఫోల్డరే ఎవరో అచ్చువేసినట్టు అనిపించింది. కానీ సెప్టెంబరులో పైకోర్టు, పదకొండో సర్క్యూట్, 6-4 తేడాతో దాన్ని కొట్టేసింది.

సంతకం పెట్టడమే ప్రమాదం

మరి ఉజ్జాయింపుగా కట్టేసి నమోదు చేసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నేనూ అదే సలహా ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

నమోదు ఫారంలో ఒక గడి ఉంటుంది. నాకు ఫెలనీ శిక్ష పడలేదు, లేదా పడినా నా హక్కు తిరిగి వచ్చింది, అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తెలిసి అబద్ధం చెబితే అదే ఇంకో ఫెలనీ, ఐదేళ్ళ దాకా జైలు. తెలిసి చెప్పలేదని నిరూపించుకోవాల్సి వచ్చేసరికి మనిషి చేతులకి బేడీలు పడి ఉంటాయి. ఇది నా ఊహ కాదు. 2022 ఆగస్టులో అక్రమంగా ఓటు వేశారంటూ 20 మందిని అరెస్టు చేసినట్టు గవర్నర్ డిశాంటిస్ ప్రకటించారు. వాళ్ళు హత్య, లైంగిక నేరాల జాబితాలోకి వచ్చేవాళ్ళు, సవరణ వర్తించనివాళ్ళు. నిజమే. కానీ వాళ్ళు నమోదుకి దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వమే ఓటరు కార్డులు పంపింది. కొన్నాళ్ళకి పోలీసుల ఒంటి మీది కెమెరాల వీడియోలు బయటికి వచ్చాయి. ఇంటి ముందు నిలబడి, నాకు కార్డు ఇచ్చారు కదా, వేయకూడదని ఎవరూ చెప్పలేదే అని అడుగుతున్న ఆ ముసలి ముఖాలు చూసి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా పైకప్పుల మేస్త్రీ కూడా ఆ వీడియోలు చూశాడు. "ఓటేశానని చెప్పే ఒక స్టిక్కర్ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళను" అన్నాడు.

ఈ అయోమయం ఎవరికి లాభమని అడిగితే రాజకీయాలు వస్తాయి. నేను అటు వెళ్ళదలచుకోలేదు. కానీ చరిత్ర మాత్రం చెప్పుకోవాలి. శిక్షపడినవాళ్ళకి జీవితాంతం ఓటు లేదన్న నియమం ఫ్లోరిడా 1868 రాజ్యాంగంలోనే ఉంది, అంతర్యుద్ధం ముగిసి నల్లవాళ్ళకి ఓటు వస్తున్న రోజుల్లో రాసినది. 2011 నుంచి 2018 దాకా చాలామందికి దారి ఒక్కటే: ఐదో ఏడో ఏళ్ళు ఆగి, గవర్నరూ క్యాబినెట్టూ ఏడాదికి నాలుగుసార్లు టాలహాసీలో కూర్చున్నప్పుడు వాళ్ళ ముందు నిలబడి అడుక్కోవడం. ప్రమాణాలేమీ లేవు, మా ఇష్టం అని అప్పటి గవర్నరు రిక్ స్కాట్ ఒక విచారణలో బాహాటంగానే అన్నారు. ఇంకో విచారణలో ఒకాయన, తనకి హక్కు లేకపోయినా ఒకసారి ఓటు వేశానని ఒప్పుకుని, వేసింది మీకేనని గవర్నరుతో చెప్పాడు. గవర్నరు నవ్వారు, ఆయన హక్కు ఆయనకి ఇచ్చేశారు. అలాంటి తప్పుకే వేరేవాళ్ళని తిప్పి పంపిన బోర్డు అది. 2018లో ఫెడరల్ జడ్జి మార్క్ వాకర్ ఇవన్నీ తన తీర్పులో ఎత్తి చూపారు.

నాలుగో సవరణ కోసం రాష్ట్రమంతా తిరిగిన డెస్మండ్ మీడ్ ఆ రోజుల మనిషే. జైలు, డ్రగ్స్, ఇల్లు లేకపోవడం, రైలు పట్టాల దగ్గర చావు కోసం నిలబడటం, అక్కడినుంచి లా డిగ్రీ దాకా వచ్చాడు. 2016లో ఆయన భార్య శాసనసభకి పోటీ చేస్తే ఆమెకి ఓటు వేయలేకపోయాడు. సంతకాలు సేకరించినప్పుడు ఆయన పార్టీలు చూడలేదు. సవరణ గెలవడానికి కారణం అదేనని నా నమ్మకం.

అన్నయ్య చెప్పిన దాంట్లో నిజమెంత

అవతలి వాదనలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి.

మొదటిది: జరిమానా కూడా శిక్షలో భాగమే కదా? ఔను. సవరణ బ్యాలెట్ మీదికి రాకముందు, 2017లో, దాన్ని పెట్టినవాళ్ళ లాయరునే రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక జడ్జి అడిగారు, జరిమానాలు పూర్తిగా కట్టడం కూడా ఇందులోకి వస్తుందా అని. వస్తుందనే ఆయన చెప్పారు. కాబట్టి శాసనసభ ఆ అర్థాన్ని గాలిలోంచి పుట్టించిందని నేననలేను. నేను ఓటు వేసేటప్పుడు జరిమానాల సంగతి ఆలోచించలేదు, అంతే. అయితే జడ్జి వేసిన జరిమానా ఒకటి, కోర్టు ఖర్చుల కింద, పబ్లిక్ డిఫెండర్ (లాయరుని పెట్టుకోలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే లాయరు) దరఖాస్తు కింద, విచారణ ఖర్చుల కింద పడే ఫీజులు మరొకటి. మా మేస్త్రీ కాగితాల్లో అసలు జరిమానా కంటే ఇవే ఎక్కువ. ఫ్లోరిడాలో కోర్టు క్లర్కు ఆఫీసులు నడిచేదే చాలామటుకు ఫీజుల మీద, 1998లో రాజ్యాంగాన్ని మార్చి అలా పెట్టుకున్నారు. ఒక ఆఫీసు నడవడానికి జనం దగ్గర తీసుకునే డబ్బుని నా లెక్కల భాషలో పన్ను అంటాను. పన్ను కట్టలేదని ఓటు ఆపకూడదని 1964లో 24వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఇది పన్ను కాదు, దండన అని పదకొండో సర్క్యూట్ చెప్పింది. ఆ తీర్పు రెండుసార్లు చదివాను, నాకు మనసొప్పలేదు.

రెండోది ఇంకా కష్టమైనది. నాకు తెలిసిన ఒక గుజరాతీ కుటుంబానికి గ్యాస్ స్టేషన్ ఉంది. ఒకసారి దోపిడీ జరిగింది, కౌంటర్లో ఉన్న కుర్రాడి చెయ్యి విరిగింది. కోర్టు పరిహారం ఇవ్వమంది. ఇరవై అయిదు డాలర్ల చెక్కులు రెండు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. "ముందు నా డబ్బు, తర్వాత వాడి ఓటు" అని ఆయన అంటే నేనేం చెప్పను? చాలాకాలం నేను కూడా, ఫీజులు వదిలేసి ఒక్క పరిహారమైనా ఓటుకి ముడిపెట్టడం న్యాయమే అనుకున్నాను. తర్వాత ఆయన్నే అడిగాను, ఈ చట్టం వచ్చాక ఒక్క డాలరు అదనంగా వచ్చిందా అని. రాలేదన్నాడు. జీతంలోంచి పట్టుకోవడానికీ, ఆస్తి మీద హక్కు పెట్టుకోవడానికీ దారులున్నాయి. వాటిని గట్టిగా వాడమని నేనూ అడుగుతాను. ఓటు తాకట్టు పెట్టుకోవడం వల్ల ఆ కుర్రాడి చేతికి ఏమీ రావడం లేదు.

హత్య చేసినవాళ్ళ సంగతేమిటంటే, నా దగ్గర తేలిన జవాబు లేదు. వాళ్ళని మినహాయించిన సవరణకే నేను ఓటు వేశాను. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో జైల్లో ఉన్నవాళ్ళు కూడా ఓటు వేస్తారు, హత్య కేసుల్లో ఉన్నవాళ్ళతో సహా. అక్కడ ఏమీ కూలిపోలేదని తెలుసు. అయినా ఆ మాట నోటితో అనడానికి నా మనసు ఇంకా సిద్ధంగా లేదు. ఇది రాస్తుంటే మాత్రం మా ఊళ్ళో ఒక మనిషి గుర్తొస్తున్నాడు.

1996, మా ఊరి బడి

పశ్చిమ గోదావరిలో మా ఊరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నాది మొదటి ఓటు. బడిలో బూత్, ఆడవాళ్ళకొక వరస, మగవాళ్ళకొక వరస. మగవాళ్ళ వరసలో ఒకాయన నిలబడ్డాడు. గట్టు తగాదాలో మనిషిని చంపి, యావజ్జీవం పడి, రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఏళ్ళతరబడి ఉండి, ఆ మధ్యే తిరిగొచ్చాడు. చిన్నప్పుడు ఆ ఇంటి ముందునుంచి వెళ్ళాలంటే మాకు భయం. పార్టీ ఏజెంటు కుర్రాడు జాబితాలో పేరు చూసి, "బాబాయ్, ఇదిగో నీ స్లిప్పు" అని చేతిలో పెట్టాడు. ఆయన లోపలికి వెళ్ళి, వేలికి సిరా పెట్టించుకుని, ముద్ర గుద్ది వచ్చాడు. చనిపోయినాయన తమ్ముడు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గొడవా లేదు, గుసగుసా లేదు. ఎవరూ ఆయన్ని జైల్లో ఎంత కట్టావని అడగలేదు.

అది మన చట్టం గొప్పతనమని అప్పుడు తెలియదు. ఇండియాలో జైలు గేటు దాటగానే ఓటు వచ్చేస్తుంది. బోర్డు లేదు, దరఖాస్తు లేదు. పోటీ చేయాలంటే, రెండేళ్ళూ ఆ పైనా శిక్ష పడినవాళ్ళు విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళు ఆగాలి, ఓటుకి ఆ ఆగడం లేదు.

అలాగని మనది మేలని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళు తప్ప జైల్లో ఉన్నవాడెవడూ ఓటు వేయకూడదు, నేరం రుజువు కానివాడు కూడా. 2022 చివరికి దేశంలో 5.73 లక్షల మంది ఖైదీలుంటే వాళ్ళలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. డబ్బుండి బెయిలు తెచ్చుకున్నవాడు వేస్తాడు, లేనివాడు వేయలేడు. 1997లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది కూడా. అమెరికాలో విచారణ ఖైదీకి ఓటు హక్కు ఉంది, ఆచరణలో ఎన్ని అడ్డంకులున్నా. రెండు దేశాలూ చెరో సగం సరిగా చేశాయి. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర అమెరికా నయం, బయటికొచ్చే తలుపు దగ్గర మా ఊరి బడి నయం.

అన్నయ్యకి నా జవాబు

2024 నవంబరులో డొనాల్డ్ ట్రంప్ పామ్ బీచ్‌లో ఓటు వేశారు. ఆ మే నెలలోనే న్యూయార్క్ జ్యూరీ ఆయన్ని 34 ఫెలనీ ఆరోపణల్లో దోషిగా తేల్చింది. ఆయనకి ఓటు ఎలా వచ్చిందంటే, వేరే రాష్ట్రంలో శిక్షపడినవాళ్ళకి ఫ్లోరిడా ఆ రాష్ట్రం నియమాన్నే వర్తింపజేస్తుంది. న్యూయార్క్ నియమం ప్రకారం జైల్లో లేకపోతే చాలు. ఆయన ఓటు వేయడం నాకు తప్పుగా అనిపించలేదు, వేయాల్సిందే. నా ప్రశ్న అల్లా మా మేస్త్రీ గురించి. అదే తప్పు ఆయన న్యూయార్క్‌లో చేసి ఇక్కడికి వచ్చి ఉంటే ఏ అంకె వెతుక్కోవాల్సిన పని లేకుండా ఓటు వేసేవాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే తప్పు చేసి, ఇక్కడే శిక్ష అనుభవించి, మనందరి ఇళ్ళ కప్పులు వేస్తున్నాడు కాబట్టి వేయలేకపోతున్నాడు. ఆయనలాంటివాళ్ళు ఈ ఒక్క రాష్ట్రంలోనే లక్షల మంది ఉన్నారు.

అన్నయ్యా, మనం క్యూలో నిలబడ్డాం, నిజమే. వాళ్ళకి మాత్రం క్యూ ఉండకూడదని నేననను. జైలూ ప్రొబేషనూ ఆ క్యూనే, దాన్ని వాళ్ళు దాటొచ్చారు. చివరికి వచ్చాక కిటికీ అవతల మనిషి లేకపోతే మీరేమనేవారు? మీ గ్రీన్ కార్డు రోజుల్లో ఫీజు ఎంతో చెప్పకుండా, తక్కువ కడితే జైలు అని ఉంటే మీరు ఆ ఫారం మీద సంతకం పెట్టేవారా? ప్రొబేషన్ ముగిసిన రోజున చేతికిచ్చే కాగితంలోనే ఓటు తిరిగి రావాలి, బాకీలుంటే వాటిని అప్పుల్లాగే వసూలు చేసుకోవాలి అంటున్నాను. అది ఊరికే ఇవ్వడం ఎలా అవుతుంది?

రెండో కౌంటీ కోర్టుకి ఫోన్ చేశాను. మైక్రోఫిల్మ్ చూడాలంటే మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం లోపు రావాలట. ఇక్కడ మేముండే ఊరినుంచి రెండున్నర గంటల డ్రైవ్. టాక్స్ గడువు ఏప్రిల్ 15 దాటాక మొదటి గురువారం వెళ్తున్నాను. పైకప్పు పని ఆ రోజుకి మానేసి ఆయన కూడా వస్తానన్నాడు, ఫోల్డర్ పట్టుకుని.